తొలి చేప గంగమ్మది

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళున్న చోట మీరు పెరగడం లేదు. అది మీ తప్పు కాదు. మొన్న ఆదివారం చలిలో సముద్రపు ఒడ్డున నిలబడి చూశాం, గుర్తుందా? ఒకాయన కయాక్ అనే సన్నటి చిన్న పడవలో సాల్మన్ చేపల కోసం వెళ్ళి, తెడ్డు విరగ్గొట్టుకుని, గాలం తాడు కాళ్ళకి చుట్టుకుని, అయినా ఒడ్డుకి రానని భీష్మించుకుని కూర్చున్నాడు. మీరు నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన క్షేమంగా ఒడ్డెక్కేదాకా మనం అక్కడే ఉన్నాం కాబట్టి ఇప్పుడు నవ్వుకోవచ్చు. ఆయన్ని చూస్తుంటేనే నాకు గిన్నెరేవు అన్నదమ్ములు గుర్తొచ్చారు.

ముందే ఒక మాట. వాళ్ళు పట్టబోయింది సాల్మన్ కాదు, మాగ చేప. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఇండియన్ సాల్మన్ అంటారు గానీ, ఈ రెండు చేపలకీ చుట్టరికం లేదట. ఒకటి చెబుతూ మిమ్మల్ని ఇంకొకటి అనుకోనివ్వడం నాకు ఇష్టం లేక చెప్పేశాను. ఇక వినండి.

గిన్నెరేవు అని ఒక పల్లె. అక్కడ సముద్రం నేలలోకి గిన్నెలా చొచ్చుకొచ్చి ఉంటుంది, అందుకని ఆ పేరు. ఆ పల్లెలో పోలమ్మ అనే ఆవిడకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఎర్రన్న, నడిపివాడు గవిరయ్య, చిన్నవాడు దాసుడు. ముగ్గురూ మీసాలొచ్చిన మగాళ్ళే. చిరిగిన వలలు బాగు చేయడం వాళ్ళ పని.

"ఈ తీరం పొడుగునా మనంత తెలివైన ఇల్లు లేదురా" అని ఎర్రన్న పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అనేవాడు. "ఎందుకంటావా? ఊళ్ళోవాళ్ళు చెప్పిన మాట సగం వింటారు, మిగతా సగం సొంత బుర్రలోంచి కలుపుకుంటారు. మనం కలపం."

"ఒక్క చుక్క కూడా కలపం అన్నియ్యా" అనేవాడు గవిరయ్య.

నిజమే, కలిపేవాళ్ళు కాదు. ఒకసారి పోలమ్మ నీళ్ళకి వెళ్తూ, "ఒరే దాసూ, పాలు పొంగుతాయేమో చూడు" అంది. అంతే, దాసుడు పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని, రెప్ప వాల్చకుండా చూశాడు. పాలు పొంగాయి. పొయ్యి ఆరిపోయింది. పోలమ్మ వచ్చి తల పట్టుకుని, "చూడమన్నాను గదరా!" అంది.

"చూశానమ్మా! భలే పొంగాయి. నువ్వు మళ్ళీ పాలు పొయ్యి, నేను మళ్ళీ చూస్తాను."

అందుకే ఊళ్ళో ఎవరూ ఆ ముగ్గురినీ పడవ ఎక్కించుకునేవాళ్ళు కాదు. వాళ్ళేమో, "మన తెలివి చూసి భయపడుతున్నార్రా" అని మురిసిపోయేవాళ్ళు.

ఇలా ఉండగా పోలమ్మకి జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోరు చేదైపోయింది. గంజి పెడితే మొహం తిప్పుకుంది. రొట్టె పెడితే కాకికి వేసింది. లేచి కూర్చోవడానికే ఓపిక లేక నులక మంచానికి అతుక్కుపోయింది. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, "మందుల పని అయిపోయింది, పోలమ్మా. ఇక తిండే నీకు మందు. తినకపోతే ఈ మంచం దిగవు" అని చెప్పి వెళ్ళింది.

ఆ మాట విని ముగ్గురూ మంచం చుట్టూ చేరారు. తెలివి సంగతి ఎలా ఉన్నా, అమ్మంటే వాళ్ళకి ప్రాణం.

"ఏటి తినాలనుందే అమ్మా?" అన్నాడు ఎర్రన్న.

పోలమ్మ కళ్ళు తెరవకుండానే చెప్పింది. "మాగ చేప పులుసైతే రెండు ముద్దలు దిగుతాయేమోరా."

ఇంకేముంది! ముగ్గురూ ఊళ్ళోకి పరిగెత్తారు. ఊరి పడవలన్నీ దూరం వేటకి వెళ్ళిపోయాయి. మాగలు మాత్రం ఊరి ముందున్న గిన్నెలోకే వచ్చి ఎగిరెగిరి పడుతున్నాయి. పట్టే నాథుడే లేడు.

పోలమ్మ తమ్ముడు సూరప్పడు ఒక్కడే ఊళ్ళో ఉన్నాడు. ఒడ్డున టూరిస్టుల కోసం కట్టిన కాటేజీల దగ్గర అతను కాపలా. కాలు మడతపడి కట్టు కట్టించుకుని కూర్చున్నాడు.

"నా కాలు బాగుంటే నేనే పోదును" అని విచారించి, కాటేజీలవాళ్ళు పారేసిన ఎర్రటి ప్లాస్టిక్ కయాక్‌ని చూపించాడు. "ఒరే అల్లుళ్ళూ, దీని అడుగున పగులుంది. తారు పూశాను, అయినా ఊరుతుంది. నీళ్ళొస్తే చెంబుతో తోడుతూ ఉండండి. పడవలో చుక్క నీరు ఉండకూడదు."

"చుక్క ఉండదు మావా."

"తెడ్డు ఒక్కటే ఉంది. దాని రెండు కొసలా రేకులున్నాయి, చూడండి. రెండు పక్కలా వెయ్యాలి. ఒక పక్కే వేస్తే బొంగరంలా తిరుగుతారు."

"రెండు పక్కలా వేస్తాం మావా."

"ఇదిగో జాకెట్టు. ఇది తొడుక్కుంటే నీళ్ళలో మునగరు. ఇదీ ఒక్కటే ఉంది. మునిగే భయం ఎవరికి ఎక్కువో వాళ్ళకి తొడగండి. ఇంకో మాట. మాగకి నోరు మెత్తన. గాలానికి తగలగానే లాగితే పెదవి చీల్చుకుని పోతుంది. అది అలిసేదాకా లాగకండి."

"ఇంకా ఏమైనా ఉందా మావా? మేం ఏదీ కలపం."

"తెలుసురా, అదే నా బెంగ" అన్నాడు సూరప్పడు.

తెల్లవారి బయల్దేరుతుంటే పోలమ్మ మంచం మీంచే పిలిచింది. "ఒరే, మీరు మొదటిసారి వేటకి పోతున్నారు. తొలి చేప గంగమ్మ తల్లిదిరా. దాన్ని నీళ్ళకి ఒప్పజెప్పకుండా ఇంటికి రాకండి. మీ తాత చేసేవాడు, మీ నాన్న చేసేవాడు. ఆ తల్లికి అపచారం చేస్తే ఇంటికి మంచిది కాదు."

"అలాగేనమ్మా" అని ముగ్గురూ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళారు.

ఒడ్డుకి చేరగానే మొదటి చిక్కు వచ్చింది. ఎర్రన్న తెడ్డు పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "రెండు పక్కలా వెయ్యాలన్నాడు మావ. నేనున్నది ఒక్కణ్ణి. రెండు పక్కలా ఎలా ఉంటానురా?"

"మనిద్దరం చెరో పక్క ఉందాం అన్నియ్యా" అన్నాడు గవిరయ్య.

"తెడ్డు ఒకటే గదా?"

"రేకులు రెండున్నాయిగా!"

అంతే, రంపం తెచ్చారు. ఆ కొస కోసి ఒకరు, ఈ కొస కోసి ఒకరు తీసుకున్నారు. నడుమ కర్ర మిగిలింది.

"మరి నాకో?" అని దాసుడు మూతి ముడిచాడు.

"నీకు అన్నిటికంటే పొడుగుది" అని ఎర్రన్న ఆ కర్ర వాడి చేతిలో పెట్టాడు. దాసుడు పొంగిపోయాడు.

కయాక్‌లో కూర్చునే గుంటలు రెండే. ఎర్రన్న ముందు గుంటలో ఎక్కాడు. గవిరయ్య వెనక గుంటలో కూర్చున్నాడు. దాసుడు తోక మీద కాళ్ళు రెండూ నీళ్ళలోకి వేలాడేసి కూర్చున్నాడు. అప్పుడు ఎర్రన్నకి అనుమానమొచ్చింది. "ఒరే గవిరీ, నువ్వు నా వీపు చూస్తున్నావు. మాట్లాడుకోడం ఎలాగ?" అని వెనక్కి తిరిగి, తమ్ముడికి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ దమ్ముపట్టి తెడ్లు వేశారు. వీడు అటు తోస్తాడు, వాడు ఇటు తోస్తాడు. చెమటలు కారాయి, చేతులు బొబ్బలెక్కాయి. పడవ మాత్రం ఉన్నచోటే ఊగుతోంది.

కాసేపటికి గవిరయ్య పక్కకి చూసి, "అన్నియ్యా, ఒడ్డు మన వెంటే వస్తోంది!" అన్నాడు.

"రానీరా. తిరుగు ప్రయాణం తప్పుతుంది."

అప్పటికే సూరప్పడు కర్ర ఊతంగా చేసుకుని ఒడ్డుకి వచ్చి నిలబడ్డాడు. "మావ కూడా వస్తున్నాడు అన్నియ్యా!"

"కుంటికాలితో ఎంత జోరుగా నడుస్తున్నాడో చూడు! మనం ఇంత తెడ్డు వేసినా ఒక్క అడుగు వెనకబడలేదు."

సూరప్పడు కోసేసిన తెడ్డు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే, ఎదురెదురుగా కూర్చుంటే పడవ ఎలా కదుల్తుందిరా? వెనక్కి తిరగండి!"

తిరగండి అన్నాడు గదా. ఇద్దరూ తిరిగారు. ఇప్పుడు వీపులు ఎదురెదురుగా ఉన్నాయి. మళ్ళీ దమ్ముపట్టి తెడ్లు వేశారు. మళ్ళీ అంతే.

దాసుడు తన కర్ర నేలకి ఆనించి తోశాడు. పడవ జర్రున కదిలింది. "చూశారా, పొడుగుది నాదే!" అంటూ ఇంకోసారి తోశాడు, మరోసారి తోశాడు. కర్ర ఇసకలో దిగబడింది. పడవ ముందుకి పోయింది. దాసుడు కర్రకి వేలాడుతూ అక్కడే ఉండిపోయాడు.

"కర్ర వదలరా!" అని అరిచాడు ఎర్రన్న.

"నాకిచ్చింది నువ్వే గదా! ఎందుకు వదలాలి?"

కర్ర తనంతట తనే ఒరిగిపోయింది. దాసుడు బుడుంగుమని మునిగి, తేలి, ఈదుకుంటూ వచ్చి తోక పట్టుకున్నాడు. నీరు అప్పుడే వెనక్కి తీస్తోంది. ఇంకేముంది, తెడ్డుతో పని లేకుండా ఆ నీరే వాళ్ళని మెల్లగా గిన్నె నడుమకి లాక్కుపోయింది.

గాలానికి రొయ్యని గుచ్చారు. బరువుకి సీసం గుండు కట్టారు. అప్పుడు జాకెట్టు సంగతి గుర్తొచ్చింది. "మునిగే భయం ఎవరికిరా?"

"నాకు లేదు" అన్నాడు గవిరయ్య.

"నేను మునిగొచ్చేశాను. ఇంకేటి భయం?" అన్నాడు దాసుడు.

"నాకూ లేదు" అని ఎర్రన్న తన చేతిలోని రొయ్యకేసి చూశాడు. చూసేసరికి వాడికి జాలేసింది. "ఒరే, మనం ఎంత పాపాత్ములంరా! దీనికి గుండు కట్టి మరీ ముంచబోతున్నాం."

అంతే, జాకెట్టుని గాలం తాడుకి తొడిగి, బొత్తాలు పెట్టి, నడుం దగ్గర బిగించి, "భయపడకే తల్లీ" అని రొయ్యకి ధైర్యం చెప్పి నీళ్ళలో వదిలారు.

పిల్లలూ, ఇక్కడ నవ్వండి, వద్దనను. కానీ జాకెట్టు తొడుక్కోవాల్సింది మనుషులు. ఈదడం వచ్చినవాళ్ళు కూడా తొడుక్కోవాలి. సరేనా? సరే అంటేనే ముందుకి వెళ్తాను.

జాకెట్టు నీటి మీద తేలింది. రొయ్య దాని కింద వేలాడింది. మాగలు తిరిగేది కూడా సరిగ్గా అంత లోతులోనే! జాకెట్టు ఒక్కసారిగా తల ఊపి, నీళ్ళలోకి దూకి, మళ్ళీ పైకి లేచింది.

"అన్నియ్యా, జాకెట్టు వేసినా రొయ్య మునిగిపోతోంది!"

"రొయ్య కాదురా, చేప! చేప పడింది!"

"లాగనా?"

"ఆగు! అలిసేదాకా లాగొద్దన్నాడు. అలిసిందేమో అడుగు."

గవిరయ్య నీళ్ళలోకి వంగి, "ఏమే, అలిశావా?" అని అడిగాడు. జవాబు లేదు.

"అలిసిపోయుంటుంది. అందుకే మాటాడ్డం లేదు" అన్నాడు దాసుడు.

"అలవకపోయినా మాటాడదేమోరా, కొత్త గదా" అన్నాడు గవిరయ్య.

ఎర్రన్న ఆలోచించి తేల్చాడు. "అది మనల్ని లాగుతోంది, మనం దాన్ని పట్టుకుంటున్నాం. పని సమానం. మనం అలిసినప్పుడే అదీ అలుస్తుంది." ఇక ముగ్గురూ తాడు పట్టుకుని కూర్చున్నారు. చేప పడవని గిన్నె అంతా తిప్పింది. "ఎంత మంచి చేపో! మనకి తెడ్డు సరిగ్గా లేదని తెలుసుకుని అదే లాగుతోంది" అని మెచ్చుకున్నారు. చివరికి దాసుడు ఆవలించాడు. "నేను అలిసిపోయాను."

"అయితే అదీ అలిసింది, లాగు!"

లాగారు. వెండిలా మెరిసిపోతున్న మాగ. గడ్డం కింద సన్నటి తీగల్లాంటి మీసాలు. చెయ్యంత పొడుగుంది. అది చూసి ముగ్గురికీ అమ్మ మంచం మీంచి లేచి కూర్చున్నట్టే అనిపించింది.

"ఇక పదండి" అన్నాడు దాసుడు.

"పదండేటి? తొలి చేప ఎవరిది?"

"గంగమ్మ తల్లిది." దణ్ణం పెట్టి నీళ్ళలో వదిలేశారు. అది బాగానే ఉంది, చెయ్యాల్సిన పనే. మళ్ళీ గాలం వేశారు. మళ్ళీ మాగ పడింది.

"ఇది అమ్మకి" అన్నాడు గవిరయ్య.

ఎర్రన్న కళ్ళు చిట్లించాడు. "ఎలాగ?"

"రెండోది గదా అన్నియ్యా."

"రెండోదా? మొదటిది ఏదీ, చూపించు."

"గంగమ్మ దగ్గరుంది."

"ఆవిడది ఆవిడ దగ్గరుంటే మన లెక్కలోకి ఎలా వస్తుందిరా? మన పడవలో ఉన్నది ఇదొక్కటే. ఒక్కటే ఉంటే అది తొలిది కాదూ?"

గవిరయ్య పడవంతా వెతికాడు. నిజంగానే ఒక్కటే ఉంది. "అవునన్నియ్యా, తొలిదే!" దణ్ణం పెట్టి వదిలేశారు.

ఇక చూడండి తమాషా. గాలం వెయ్యడం, మాగ పడడం, పడవంతా వెతకడం, "ఇదే తొలిది" అనడం, దణ్ణం పెట్టి వదలడం. అంత వేట ఆ గిన్నెలో ఏళ్ళ తరబడి ఎవరికీ పడలేదు. ఆ చేపలన్నీ ఉంచుకుని ఉంటే ఊరంతటికీ పులుసు పెట్టొచ్చు. ఒడ్డు మీంచి సూరప్పడు ఒంటికాలి మీద గెంతుతూ, "ఒక్కటి ఉంచండ్రా! ఒక్కటంటే ఒక్కటి!" అని అరుస్తున్నాడు.

"ఒక్కటే ఉంది మావా, అదే తొలిది, అదే చిక్కు!" అని ఎర్రన్న తిరిగి అరిచాడు.

ఈలోగా పగులు దగ్గర తారు ఊడింది. పడవలోకి నీళ్ళు బుడబుడ ఊరుతున్నాయి. దాసుడు చెంబుతో తోడి, చేపల కోసం తెచ్చిన కుండల్లో పోస్తున్నాడు. కుండలు నిండిపోయాయి. పడవ బరువెక్కి దిగిపోతోంది.

"నీళ్ళు బయట పారబొయ్యండ్రా!" అన్నాడు సూరప్పడు.

"బయట పోస్తే సముద్రంలో నీళ్ళు ఎక్కువైపోయి మళ్ళీ లోపలికే వస్తాయి మావా! నువ్వు బెంగపడకు, పడవలో చుక్క లేదు. అన్నీ కుండల్లోనే ఉన్నాయి!" అన్నాడు దాసుడు.

ఎండ వాలింది. రొయ్యలు అయిపోవస్తున్నాయి. అమ్మ ఇంటి దగ్గర పస్తులుంది. గవిరయ్యకి ఏడుపొచ్చింది. "ఇలా అయితే అమ్మ ఎప్పుడు తింటుంది అన్నియ్యా?"

అప్పుడు దాసుడికి బుర్రలో దీపం వెలిగింది. "రెండు గాలాలు ఒకేసారి వేద్దాం! రెండు చేపలు ఒకేసారి పడవలోకి వస్తాయి. ఒకటి తొలిది, ఒకటి రెండోది. తొలిది ఆవిడకి, రెండోది అమ్మకి!"

"ఒరే దాసూ!" అని ఎర్రన్న వాణ్ణి కౌగిలించుకోబోయాడు. పడవ ఒరిగింది గానీ తిరగబడలేదు. రెండు గాలాలు వేశారు. అదృష్టం చూడండి, రెండింటికీ మాగలు తగిలాయి. అలిశారు, లాగారు. రెండూ ఒకేసారి పడవలో పడి టపటపా కొట్టుకున్నాయి.

"ఇప్పుడు తొలిది నీళ్ళలో వదులు" అన్నాడు ఎర్రన్న.

"ఏది తొలిది?" అన్నాడు గవిరయ్య.

ముగ్గురూ చేపల మీదికి వంగారు. "ఇది ముందు పడింది." "కాదు, అది." "మీసం పొడుగున్నది పెద్దది, పెద్దది ముందొస్తుంది." "రెండింటికీ మీసాలు సమానంగానే ఉన్నాయి." చేపల్నే అడిగారు. అవీ చెప్పలేదు. ఎర్రన్న చెమట తుడుచుకున్నాడు. "పొరపాటున గంగమ్మ చేపని అమ్మకి పెట్టామనుకో. అసలే ఒంట్లో బాగోలేని మనిషి. ఆ అపచారం అమ్మకి తగిలితే?"

ఆ మాటతో ముగ్గురూ లెంపలేసుకున్నారు. ఇంకేముంది, రెండు చేపల్నీ రెండు చేతులా ఎత్తి, రెండు దణ్ణాలు పెట్టి, రెండింటినీ నీళ్ళకి వదిలేశారు. రొయ్యలు అయిపోయాయి.

"తొలి చేపని ఒప్పజెప్పకుండా ఇంటికి రావద్దంది అమ్మ. ఒప్పజెప్పాం. పదండి" అన్నాడు ఎర్రన్న.

సాయంత్రపు గాలి పడవని ఒడ్డుకేసి తోసింది. ఒడ్డు దగ్గరున్న రాయికి అడుగు తగిలి పగులు ఇంతింత నోరు తెరిచింది. చిట్టచివరి కెరటం పడవని ఎత్తి ఇసక మీదికి విసిరేసింది. కుండలన్నీ పగిలాయి. దాసుడు తడి ఇసక మీద కూలబడి, "పొద్దుటినుంచి తోడిన నీళ్ళు!" అని ఏడ్చాడు.

"నీళ్ళ సంగతి తగలెయ్యి! మా అక్కకి ఏటి పెడతార్రా?" అని సూరప్పడు కర్ర ఎత్తాడు.

అప్పుడు వినిపించింది. పడవ పొట్టలోంచి డబ్, డబ్, డబ్.

"మావా, పడవ గుండె కొట్టుకుంటోంది!" అన్నాడు గవిరయ్య.

"రాయి తగిలి భయపడింది పాపం" అన్నాడు ఎర్రన్న.

సూరప్పడు గబగబా పడవని పక్కకి ఒరగదోశాడు. పగులులోంచి నీళ్ళతో పాటు ఒక మాగ జారిపడింది. వాళ్ళు వదిలేసిన చేపల్లో ఒకటే కాబోలు. అలిసిపోయి, దారి తప్పి, రాయి దగ్గర నోరు తెరిచిన పగులులోంచి బోలుగా ఉన్న పడవ పొట్టలోకి దూరింది. ఎర్రన్న దణ్ణం పెట్టడానికి చేతులు జోడించబోయాడు. ఆ చేతులు కలిసేలోగా సూరప్పడు చేపని గుండెకి హత్తుకుని, కుంటికాలితోనే ఇంటికి పరుగు తీశాడు.

పులుసు అతనే పెట్టాడు. మంచం మీంచి పోలమ్మ చెబుతోంటే చింతపండు పిసికాడు, ఉల్లిపాయ వేయించాడు. ఉడుకుతుంటే వాసన ఇల్లంతా నిండింది. పోలమ్మ ముక్కు కదిలింది. మోచేతి మీద లేచింది. పళ్ళెంలో వేడి అన్నం, మీద పులుసు, పక్కన ముక్క. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ముగ్గురు కొడుకులూ ఊపిరి బిగబట్టారు.

"ఉప్పు చాల్లేదురా తమ్ముడూ" అంది పోలమ్మ. అంటూనే రెండో ముద్ద కలిపింది. ఆ తర్వాత మూడోది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేశారు. "అమ్మ తింటోంది! అమ్మ తింటోంది!"

"మీరు వదిలిన చేపని ఆ తల్లే తిరిగి నాకు పంపిందిరా" అంది పోలమ్మ చెయ్యి నాకుతూ.

ఎర్రన్న ఏడుపు ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "ఒరే గవిరీ, ఇప్పటిదాకా మన ఇంటికి ఎన్ని చేపలొచ్చాయి?"

"ఇదొక్కటే అన్నియ్యా."

"అయితే ఇది..."

"తొలిది!"

"ఎక్కడుంది ఇప్పుడు?"

ముగ్గురూ పోలమ్మ పొట్టకేసి చూశారు.

అంతే! ఎర్రన్న మంచం తల వైపు, గవిరయ్య కాళ్ళ వైపు పట్టుకుని పైకెత్తారు. కుండలో మిగిలినవి కూడా ఆ చేప ముక్కలే గదా అని దాసుడు పులుసు కుండ నెత్తిన పెట్టుకున్నాడు. పోలమ్మ పళ్ళెం వదల్లేదు. "గాలికి బయట కూర్చోబెడుతున్నారా? మంచి పని" అని ఇంకో ముద్ద తింది.

వాళ్ళు గాలి దగ్గర ఆగలేదు. ఒడ్డు దాటారు, నీళ్ళలోకి దిగారు, మోకాలి లోతులో మంచం దించారు. కెరటం వచ్చి పోలమ్మ నడుం తడిపింది. ముగ్గురూ చేతులు జోడించారు. "గంగమ్మ తల్లీ, నీ తొలి చేప ఇదిగో. మా అమ్మ లోపలుంది. నీ చేప నువ్వు తీసుకో. మా అమ్మని మాత్రం మాకు వదిలెయ్ తల్లీ!"

"ఒరే వెధవల్లారా!" అని పోలమ్మ ఒక్క ఉదుటున లేచి నిలబడింది. నిన్నటిదాకా కూర్చోలేని మనిషి, పళ్ళెం నెత్తి మీదికెత్తి పట్టుకుని, నీళ్ళలో నిటారుగా నిలబడి, ముగ్గురినీ ముగ్గురికి తగ్గట్టు తిట్టింది. తిడుతూనే మిగిలిన ముక్క కూడా తినేసింది. "నిలబడ్డావా అక్కా!" అని సూరప్పడు ఒడ్డున ఏడుస్తూ నవ్వాడు. అంతలో పెద్ద కెరటం లేచింది. అతను గాభరాగా, పడవతో పాటు ఇసక మీద పడ్డ జాకెట్టు తీసి విసిరాడు. "మునిగేలా ఉంది, జాకెట్టు తొడగండ్రా!"

దాసుడు జాకెట్టు అందుకున్నాడు. అమ్మకేసి చూశాడు. నిటారుగా నిలబడి ఉంది, మునిగేలా లేదు. నెత్తి మీంచి కుండ దించి దానికేసి చూశాడు. పాపం, పులుసుతో అంత బరువుగా ఉంది. గబగబా కుండకి జాకెట్టు తొడిగి, బొత్తాలు పెట్టి, నడుం దగ్గర బిగించి వదిలాడు. కెరటం వెనక్కి తీసింది. జాకెట్టు వేసుకున్న పులుసు కుండ వయ్యారంగా ఊగుతూ సముద్రంలోకి సాగిపోయింది.

పోలమ్మ ఖాళీ పళ్ళెం చాపి నిలబడింది. "ఒరే, నాకింకా ఆకలిగా ఉంది! ఆ కుండలో తలకాయ ముక్క ఉందిరా!"

"బెంగపడకమ్మా" అన్నాడు దాసుడు నిబ్బరంగా. "జాకెట్టు వేశాను, మునగదు."

అదీ కథ. పోలమ్మ ఆ సాయంత్రం తన కాళ్ళ మీద నడిచే ఇంటికెళ్ళిందని మాత్రం నేను ఖాయంగా చెప్పగలను. కుండ ఏమైందో తెలియదు, తెలియనిది చెప్పను. పిల్లలూ, మీరు పెద్దవాళ్ళయ్యాక ఏ ఒడ్డున ఉన్నా ఈ కథ మీ పిల్లలకి తెలుగులోనే చెప్పండి. నాకంటే బాగా చెప్పండి, నవ్వించండి. జాకెట్టు దగ్గరికి రాగానే మాత్రం ఒక్క క్షణం ఆగి, అది ఎవరు తొడుక్కోవాలో వాళ్ళచేత చెప్పించి, సరే అన్నాకే ముందుకి వెళ్ళండి.